వ్యోమగామికి తగిన కవచము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నివేదిక చదివిన పిమ్మట ప్రధానోపాధ్యాయుడు నాలుగు మాటలు చెప్పుట మన సభకు ఆచారము. ఈ పర్యాయము ఆ నాలుగు మాటలకు విషయమును నేను ఎంచుకొనలేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక దానిని నాకు ఇచ్చెను.

ఆనాడు సామాన్యశాస్త్ర పాఠములో, అంతరిక్షమున శరీరమునకు హాని చేయు కిరణములు కలవని చెప్పుచుంటిని. ఆ బాలిక లేచి, "అయ్యవారూ, ఎక్స్‌రే తీయు గదిలో సీసము పొదిగిన తొడుగు వేసికొందురు గదా! వ్యోమనౌకకు కూడ చుట్టును సీసపు రేకు కప్పిన చాలదా?" అని అడిగెను. నేను క్షణమైనను ఆలోచింపక, "చాలును, బరువగునని మాత్రమే కప్పుట లేదు" అని బదులు చెప్పితిని. తరగతి తృప్తిపడినది. నేనును తృప్తిపడితిని. కాని ఆ రాత్రి పుస్తకములు తిరుగవేసినపుడు నా సమాధానము తప్పని తెలిసినది. మరునాడు అదే తరగతిలో తప్పు ఒప్పుకొని, సరియైన సమాధానము చెప్పితిని. అది మీరును వినదగినదని తోచి ఇచ్చట విన్నవించుచున్నాను.

కర్ణుడు సహజ కవచముతో జన్మించెనని మనమందరము వినియున్నాము. నిజమునకు భూమిపై పుట్టిన ప్రతివానికిని అట్టి సహజ కవచము కలదు. అది రెండు పొరలు. మొదటిది గాలి. సముద్రమట్టమున ఒక్కొక్క చదరపు సెంటీమీటరు నేలపై నిలిచియున్న గాలి బరువు సుమారు ఒక కిలోగ్రాము. అనగా మన తలలపై పది మీటర్ల లోతు గల చెరువు నిలిచినంత కప్పు కలదన్నమాట. రెండవ పొర భూమి యొక్క అయస్కాంత క్షేత్రము. అది కంటికి కానరాదు. కాని విద్యుదావేశము గల కణములు దూరమునుండి వచ్చునపుడు వానిలో పెక్కింటిని ప్రక్కకు మరలించును. వ్యోమగామి భూమిని విడుచుట కర్ణుడు కవచమును ఒలిచి ఇచ్చుట వంటిది. ఆ ఒలిచిన దానికి బదులు ఏది తొడుగవలెనన్నదే నేటి మన ప్రశ్న.

ముందుగా, పైనుండి వచ్చునది ఏమి? 1912లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్ బెలూనులో 5,000 మీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయినకొలది వికిరణము హెచ్చుచున్నదని కొలిచి చూపెను. దానినిబట్టి ఈ కిరణములు నేలనుండి గాక ఆకాశమునుండి వచ్చుచున్నవని తేలినది. వీనినే విశ్వకిరణములనిరి. ఈ పరిశోధనకు 1936లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ కిరణముల చొచ్చుకొనిపోవు శక్తి ఎంతటిదో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన కోలారు బంగారు గనులను తలచికొనుడు. తెలుగు కుటుంబములు పెక్కు ఆ గనులను నమ్మి బ్రదికినవే. 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, జపాను, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులతో కలిసి, ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2,300 మీటర్ల లోతున పరికరములు నిలిపిరి. ఆకాశమునుండి వచ్చు ఇతర కణములు దాదాపు పూర్తిగా ఆగిపోవుటకు అంతటి రాతి కప్పు కావలసివచ్చినది. అప్పుడే న్యూట్రినో అను అతి సూక్ష్మ కణముల జాడను వారు పట్టగలిగిరి. గనులు 2001లో మూతపడినవి. కాని ఆ కొలత విజ్ఞాన చరిత్రలో నిలిచినది.

ఇక వ్యోమగామికి శత్రువులు ఇద్దరు. ఒకడు సూర్యుడు, రెండవవాడు మన నక్షత్రమండలము. సూర్యునినుండి వచ్చు కణముల తుపాను గాలివాన వంటిది. అకస్మాత్తుగా వచ్చును; కొన్ని గంటలో, కొన్ని దినములో ఉండి పోవును; కణములు విస్తారము, కాని ఒక్కొక్కదాని శక్తి కొంత తక్కువ. నక్షత్రమండలమునుండి వచ్చు విశ్వకిరణములు మంచు కురిసినట్లు రేయింబవళ్లు ఎడతెగక కురియును. సంఖ్యలో కొద్ది, శక్తిలో ఘనము.

ఈ విశ్వకిరణములు పేరునకు కిరణములే గాని నిజమునకు పరమాణువుల కేంద్రకములు. నూటికి సుమారు తొంబది ప్రోటానులు. మిగిలినవానిలో చాలభాగము హీలియం కేంద్రకములు. నూటికి ఒకటి మాత్రము అంతకంటె బరువైనవి, ఇనుము వరకును. ఆ ఒక్కటియే మిక్కిలి ప్రమాదకరమైనది. కణము శరీరములో చొచ్చుకొని పోవునపుడు దారి పొడవున వెదజల్లు శక్తి దాని ఆవేశపు వర్గమును బట్టి ఉండును. ప్రోటాను ఆవేశము 1; ఇనుప కేంద్రకపు ఆవేశము 26. ఇరువదియారును ఇరువదియారుతో గుణించిన 676. ఒకే వేగమున పోవు ప్రోటానుకంటె అది దారిలో అన్ని రెట్లు శక్తిని విడుచును. అట్టి కణము జీవకణములోని వంశసూత్రపు పోగును రెండు వైపులను త్రెంచివేయగలదు. తెగిన పోగు సరిగా అతుకుకొననిచో ఏండ్లు గడచిన పిమ్మట అది క్యాన్సరుగా పరిణమింపవచ్చును. 1969లో చంద్రునికడకు పోయిన అపోలో 11 యాత్రికులు చీకటిలో ఉన్నపుడు కంటిలో మెరుపులు కానవచ్చినవని చెప్పిరి. అవి విశ్వకిరణములు వారి కంటి గుండ దూసికొనిపోయిన గురుతులే.

హానిని కొలుచుటకు మిల్లీసీవర్టు అను కొలత కలదు. భూమిపై మనకు ప్రకృతిసిద్ధముగా సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు తగులును. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు గాలి కప్పు లేకున్నను అయస్కాంతపు కప్పు ఇంకను కలదు. 2025లో మన శుభాంశు శుక్లా నివసించి వచ్చినది అచ్చటనే. ఆ కప్పును కూడ దాటి పోయినచో ఏమగును? 2011లో బయలుదేరి 2012లో అంగారక గ్రహముపై దిగిన క్యూరియాసిటీ అను యంత్రశకటము దారి పొడవున కొలిచిన లెక్క కలదు: దినమునకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు. మనకు ఏడాది పొడవున తగులునది అచ్చట ఒకటిన్నర దినము నిండకముందే తగులును. అంగారకుని నేలపై దినమునకు సుమారు 0.64.

ఈ లెక్కను మా తరగతిలో పిల్లలచేతనే వేయించితిని. పోవుటకు 180 దినములు, వచ్చుటకు 180, అచ్చట నివాసము 500 దినములు అనుకొందము. దారిలో 648, నేలపై 320, వెరసి 968 మిల్లీసీవర్టులు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2022లో ఒక వ్యోమగామికి జీవితకాల ఉద్యోగమంతటికి విధించిన హద్దు 600. అనగా రాకెట్టు సిద్ధముగా నున్నను, ధైర్యవంతుడు దొరికినను, కవచపు చిక్కు తీరనిదే ఆ యాత్ర న్యాయముగా సాగదు.

ఇప్పుడు సీసము మాటకు వత్తును. ఎక్స్‌రే అనునది వెలుగు జాతికి చెందినది. సీసపు పరమాణువులో ఎలక్ట్రానులు కిక్కిరిసి యుండుటచేత అది ఎక్స్‌రేలను మ్రింగివేయును. కాని విశ్వకిరణములు వెలుగు కాదు. వెలుగుతో ఇంచుమించు సమానమైన వేగమున వచ్చు పదార్థపు ముక్కలు. అట్టి ముక్క బరువైన కేంద్రకమునకు తగిలినపుడు తానును పగులును, తగిలినదానిని కూడ పగులగొట్టును. పెంకుటింటి కప్పుపై రాయి పడినపుడు చూచియున్నాము గదా! పైనుండి వచ్చినది ఒక్క రాయి; లోపలివారి నెత్తిన పడునవి పది పెంకులు. సీసపు కప్పు అట్టిది. పగిలిన ముక్కలలో న్యూట్రానులు ముఖ్యము. వానికి ఆవేశము లేనందున లోహములను సులభముగా దాటి శరీరమును చేరును. వ్యోమనౌకలను కట్టు అల్యూమినియం సీసముకంటె మేలే గాని, దానికిని ఈ దోషము కొంత కలదు. ఒక మేర దాటిన పిమ్మట మందమును మరికొంత పెంచినను విశ్వకిరణముల హాని అంతగా తగ్గదు. కావున "బరువగునని మాత్రమే కప్పుట లేదు" అన్న నా మాట తప్పు. బరువును మోయ సిద్ధపడినను సీసము తగిన కవచము కాదు.

మరి ఏది తగినది? విచిత్రమేమనగా, సృష్టిలో అన్నిటికంటె తేలికయైన మూలకమే, ఉదజని. దీనికి కారణములు మూడు. మొదటిది: ఆవేశము గల కణమునకు పగ్గము వేయునవి ఎలక్ట్రానులు. తూకమునకు తూకము చూచినచో ఉదజనిలో ఇతర పదార్థములకంటె రెండింతల ఎలక్ట్రానులు కలవు. రెండవది: ఉదజని కేంద్రకము ఒకే ఒక ప్రోటాను; అది పగిలి పెంకులు రాల్చుటకు వీలులేదు. మూడవది: న్యూట్రానును నిలుపగలుగుట. మీరు చిన్ననాడు గోళీలాడియుందురు. గోళీ పోయి పెద్ద బండకు తగిలిన అదే వేగమున వెనుకకు ఎగురును. తనతో సమానమైన మరియొక గోళీకి తగిలినచో తన వేగమును దానికిచ్చి తాను ఆగిపోవును. న్యూట్రానుతో సమానమైన తూకము గల గోళీ ఉదజని కేంద్రకమే.

ఉదజనిని వాయువుగా గోడ కట్టలేము. కాని నీటి తూకములో తొమ్మిదవ వంతు ఉదజని. అంగడి సంచులకు వాడు పాలిథిలీన్‌లో ఏడవ వంతు. అందుచేతనే అంతరిక్ష కేంద్రమున పడుకొను గదుల గోడలకు పాలిథిలీన్ పలకలు అమర్చిరి.

"ఐనచో నీటి గోడ కట్టవచ్చును గదా" అని తరగతిలో మరియొక బాలుడు అడిగెను. అదియును లెక్క వేసితిమి. లోపల పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లు గల గది. దానిచుట్టు ఒక మీటరు మందమున నీరు. వెలుపలి కొలత ఐదేసి మీటర్లు; ఘనపరిమాణము 125; అందు లోపలి 27 తీసివేసిన 98 ఘనమీటర్లు, అనగా 98 టన్నుల నీరు. శ్రీహరికోటనుండి ఎగురు మన ఎల్.వి.ఎం.3 రాకెట్టు భూసమీప కక్ష్యకు చేర్చగలది సుమారు 8 టన్నులు. ఆ ఒక్క గది నీటిని అచ్చటికి చేర్చుటకే పదుమూడు రాకెట్లు కావలెను. ఇంత చేసినను ఆ కప్పు మన గాలి కప్పులో పదవ వంతు మాత్రమే.

కావున కవచమును రూపొందించువారు గోడను గూర్చి గాక అమరికను గూర్చి ఆలోచించిరి. వారి మొదటి ఉపాయము: ఎట్లైనను మోసికొనిపోవలసిన వస్తువులనే కవచముగా పేర్చుట. త్రాగునీరు, ఆహారపు సంచులు, బట్టలు, ఇవన్నియు ఉదజని గలవే. సూర్యుని తుపానుకు ఈ ఉపాయము చాలవరకు చాలును. పది కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి గల ప్రోటాను సుమారు 8 సెంటీమీటర్ల నీటిలో ఆగిపోవును. నాసా వారి ఒరాయన్ నౌకలో తుపాను హెచ్చరిక వచ్చినపుడు యాత్రికులు నడిమి భాగమున సామానులుంచు అరలలో దూరి, సంచులను చుట్టును పేర్చుకొనునట్లు ఏర్పాటు చేసిరి. వరద వచ్చినపుడు ఇంటిల్లిపాది మిద్దె మీదికి చేరుట వంటిదే ఇది. ఇల్లంతయు ఎత్తునకు లేపనక్కరలేదు. చేరదగిన చోటు ఒకటి ఉన్న చాలును.

ఈ అవసరము కల్పన కాదు. 1972 ఏప్రిలులో అపోలో 16 యాత్రికులు చంద్రునినుండి తిరిగి వచ్చిరి. డిసెంబరులో అపోలో 17 బయలుదేరెను. ఆ రెంటికిని నడుమ, ఆగస్టు మొదటి వారమున, సూర్యునినుండి మహా తుపాను లేచినది. ఆ దినములలో ఎవరైన చంద్రునిపై పలుచని దుస్తులతో నడచుచుండినచో తీవ్రమైన వ్యాధికి గురియై యుందురు. నాడు వారిని కాపాడినది కవచము కాదు, కాలము కలిసివచ్చుటయే. అట్టి అదృష్టమును నమ్ముకొని మరల ఎవరిని పంపరాదు. అందుచేత ముందుగా హెచ్చరించుట కూడ కవచములో ఒక భాగమే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేరిన మన ఆదిత్య ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి సూర్యుని గమనించుచున్నది. సూర్యుని తుపానులు ఎట్లు పుట్టుచున్నవో తెలిసికొనుటకు అట్టి చూపు అవసరము.

2022 నవంబరు 16న బయలుదేరిన ఆర్టెమిస్ 1 యాత్రలో మనుష్యులు లేకుండ ఒరాయన్ నౌక చంద్రుని చుట్టివచ్చెను. అందు స్త్రీ దేహమును పోలిన రెండు బొమ్మలను కూర్చుండబెట్టిరి. వాని పేర్లు హెల్గా, జోహార్. లోపల వేలకొలది చిన్న కొలమానములు అమర్చిరి. జోహార్‌కు మాత్రము పాలిథిలీన్ కవచము తొడిగిరి. ఆ తొడుగు అంతటను ఒకే మందము గలది కాదు. హాని ఎక్కువగా తగులు అవయవములపై మందముగా నుండును. 2024లో ప్రకటించిన కొలతల ప్రకారము ఒకే నౌకలో చోటుచోటునకు వికిరణమున నాలుగు రెట్ల వరకు భేదము కలదు. భూమి చుట్టునున్న వాన్ ఆలెన్ వలయములను దాటునపుడు నౌకను 90 డిగ్రీలు త్రిప్పుటచేతనే లోపలి వికిరణము సగము తగ్గినది. ఒక్క గ్రాము బరువైనను పెంచక, ఉన్న బరువును శత్రువు వచ్చు దిక్కునకు త్రిప్పుటచేత కలిగిన లాభమిది.

ఇన్ని చేసినను రెండవ శత్రువు మిగిలియే యున్నాడు. నూరు కోట్ల ఎలక్ట్రాను వోల్టుల ప్రోటాను మూడు మీటర్ల నీటిని దాటిపోవును. నక్షత్రమండలపు కిరణములను నౌకలో పూర్తిగా ఆపు కవచము నేటివరకు లేదు. అయస్కాంతములతో కృత్రిమ క్షేత్రము కల్పింపవలెనను యోచన కలదు గాని ఇంకను ఆచరణలోనికి రాలేదు. చంద్రునిపై దీర్ఘకాలము నివసింపదలచినచో అచ్చటి మట్టినే మీటర్లకొలది కప్పుగా వేసికొనవలెననుచున్నారు. అది మన గనుల పాఠమే. దారిలో మాత్రము మిగిలిన ఉపాయము ప్రయాణకాలమును తగ్గించుట, తగిలినదానిని నిజాయితీగా కొలుచుట, ఆ కొలతను పోవువానికి ముందే చెప్పుట. "నిన్ను ఇంతవరకు కాపాడగలము, ఇంతకు మించి కాపాడలేము" అని చెప్పి, హద్దు దాటినపుడు ఎంతటి నిపుణుడైనను పంపకుండుట ధర్మము. దానిని మరచినచో ఎన్ని పలకలు అమర్చినను ప్రయోజనము లేదు.

తల్లిదండ్రులారా! మీలో కొందరు, తెలుగున చదివిన పిల్లలు విజ్ఞానమున వెనుకబడుదురేమో యని నన్ను అడుగుచుందురు. ఆ భయము ప్రేమవలన పుట్టినదని ఎరుగుదును. పై చదువులకు ఇంగ్లీషు కావలెను. ఈ రాష్ట్రమున బ్రదుకుటకు కన్నడము కావలెను. రెండును మా పాఠశాలలో శ్రద్ధగా నేర్పుచున్నాము. కాని నేడు నేను చెప్పినదంతయు ఆ బాలిక ప్రశ్ననుండి వచ్చినది. ఆ ప్రశ్న ఆమెకు తెలుగున పుట్టినది. తన ఇంటి మాటలలో తోచినది గనుకనే జంకక లేచి అడిగెను. నేను తప్పు చెప్పుటకు కారణము భాష కాదు, ఆలోచింపకుండుట. బిడ్డ చదువునకు రక్షణయని మనము తొందరపడి కప్పు బరువులలో కొన్ని సీసపు రేకు వంటివి. ఏది కప్పవలెనో నిర్ణయించుటకు ముందు ఒక్కమారు బిడ్డ ఏమి అడుగుచున్నదో వినుడని నా ప్రార్థన.

ఈ ఏడాది మా ఉపాధ్యాయులము ఒక నియమము చేసికొన్నాము. పిల్లలు అడిగినది తెలియనిచో తెలియదని చెప్పుదుము. మరునాటికి తెలిసికొని వచ్చి చెప్పుదుము. ఇంటివద్ద మీరును ఈ నియమమును పాటించినచో మాకు గొప్ప సహాయము చేసినవారగుదురు.